శనివారం సాధన

చెన్నైలో మా తెలుగు చర్చి క్వయర్‌ను నడిపించడంలో పాట కంటే మనుషులతోనే ఎక్కువ పని. పెరంబూరు వాళ్లు, తాంబరం వాళ్లు చేరేసరికి ఏడు దాటుతుంది. మగవారి పై గొంతు వరుసైన టెనర్‌లో ఒక పెద్దాయనకు పై స్వరాలు అందడం లేదు. "ఇక ఆపేయమనండి" అంటారు కుర్రాళ్లు. ఎందుకు ఆపాలి? పక్కకు పిలిచి, "బాబాయిగారూ, కింది స్వరాల బాస్‌లో మీ గొంతు కావాలి" అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ "అక్కడ కుర్చీ ఉందా?" అన్నారు. ఉంది.

అసలు గొడవ జిరాక్సులది. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకు పాటపై కాపీరైట్ హక్కులుంటాయి. అయినా ఒక్క నొటేషన్ (స్వరాలు రాసిన) పుస్తకం కొని అందరికీ కాపీలు తీద్దామంటారు, అదీ దేవుడి సన్నిధిలో పాడటానికి! పుస్తకాల చందా ఇవ్వనివారు వచ్చే శనివారం తీసుకురండి. ముందుగా టెనర్లు.