తాతయ్య గొంతు ఉన్న క్యాసెట్

మా పెళ్ళి క్యాసెట్లు రెండు ఉన్నాయి. 2001 మాఘమాసంలో అమలాపురం దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి ముందు తాటాకు పందిట్లో జరిగిన పెళ్ళి. ఒక్కో క్యాసెట్టు మూడు గంటలు, మీద ఈ-180 అని ఉంటుంది, వీడియో అతను స్కెచ్ పెన్నుతో మా ఇద్దరి పేర్లూ రాసి పక్కన 1, 2 అని నంబర్లు వేసాడు. ఇన్నేళ్ళూ అవి అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి. పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు అమ్మ వాటిని నా చేతిలో పెట్టి, ఇక్కడ చూసే మిషనూ లేదు, చూసే ఓపికా లేదు, నువ్వు పట్టుకెళ్ళి పిల్లలకి వాళ్ళ తాతయ్యని చూపించు అంది.

మా నాన్నగారు 2007లో పోయారు. పాప 2010లో పుట్టింది, బాబు 2015లో. ఇద్దరూ ఇక్కడ టెక్సాస్‌లోనే పుట్టారు. వాళ్ళకి తాతయ్య అంటే హాల్లో దండ వేసిన ఫోటో, అంతే. ఆ ఫోటో ఏదో ఆఫీసు కార్డు కోసం దిగింది, అందులో ఆయన నవ్వను కూడా నవ్వరు. నాకైతే ఇంకో భయం ఉండేది, ఎవరితోనూ అనలేదు. అప్పట్లో కాలింగ్ కార్డు కొనుక్కుని ఆదివారం ఆదివారం మాట్లాడేవాళ్ళం, ఒక్క కాల్ కూడా రికార్డు చేసుకోలేదు, ఆయన మాటలన్నీ గుర్తున్నాయి గానీ గొంతు మాత్రం ఏడాదికేడాదికి పలచబడిపోతున్నట్టు ఉండేది.

సరే, క్యాసెట్ చూడాలంటే వీసీఆర్ కావాలి కదా. కొత్తవి ఎక్కడా లేవు, ఆఖరి వరకూ తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. మా వీధిలో ఒక పెద్దావిడ గరాజ్ సేల్ పెడితే పది డాలర్లకి ఒకటి దొరికింది. ఎంత సంతోషంగా తెచ్చుకున్నానో! క్యాసెట్ పెట్టాం, లోపలికి లాక్కుంది, తిరుగుతోంది, కానీ బొమ్మ మాత్రం రంగు లేకుండా పైకీ కిందకీ పరిగెడుతోంది, సౌండ్ ఒకలా లేదు, మనుషులో చెట్లో కూడా తెలియట్లేదు. టేపు పాడైపోయిందేమో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

టేపు పాడవలేదు, సిస్టమ్ వేరు. మనూళ్ళో క్యాసెట్లు పాల్ పద్ధతిలో రికార్డయినవి, సెకనుకి 25 బొమ్మలు, ఒక్కో బొమ్మలో 625 గీతలు. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి దాదాపు 30 బొమ్మలు, 525 గీతలు. టేపు లాగే వేగం కూడా ఒకటి కాదు, పాల్ మిషన్ సెకనుకి 2.3 సెంటీమీటర్లు లాగితే ఇక్కడి మిషన్ 3.3 సెంటీమీటర్లు లాగుతుంది. క్యాసెట్ డబ్బా మాత్రం అచ్చం ఒకటే, ఏ మిషన్లో అయినా ఇట్టే దూరిపోతుంది, అందుకే చాలామంది నాలాగే టేపు పోయిందనుకుని పారేస్తారు. దయచేసి పారేయకండి. పాప ఫిజిక్స్ చదువుతోంది కాబట్టి ఈ తేడా ఎందుకని దానికి ఆసక్తి పుట్టింది, చదివి చెప్పింది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60, టీవీలు పుట్టిన రోజుల్లో బొమ్మల లెక్క కరెంటు లెక్కని పట్టుకునే పెట్టారట. లండన్లోనూ సిడ్నీలోనూ ఉన్న మనవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు, అక్కడా పాలే, పాత వీసీఆర్ ఏది దొరికినా మన క్యాసెట్ ఆడుతుంది. అమెరికాలో, కెనడాలో ఉన్నవాళ్ళకి రెండు పద్ధతుల క్యాసెట్లూ ఆడించే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి. లేదా ఇండియా నుంచే ఒకటి తెచ్చుకోవచ్చు, కాకపోతే అది 230 వోల్టులది అయితే ఇక్కడి 120కి నేరుగా పెట్టకూడదు, స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి.

సెకండ్ హ్యాండ్‌లో మల్టీ సిస్టమ్ దొరికేసరికి రెండు నెలలు పట్టింది. ఈలోగా పాప నాకన్నా ముందుకెళ్ళిపోయింది. వీసీఆర్ మూత విప్పి, లోపల టేపుని చదివే గుండ్రటి హెడ్ డ్రమ్ ఎలా తుడవాలో నేర్చుకుంది. 90 శాతం పైన ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూగు రాలని గుడ్డ తడిపి, గుడ్డని కదలకుండా డ్రమ్‌కి ఆనించి పట్టుకుని డ్రమ్‌ని చేత్తో మెల్లిగా తిప్పాలి, పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరిగిపోతుంది. అలాగే క్యాసెట్ పెట్టేముందు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అది విరగ్గొట్టి ఉందో లేదో చూడండి, ముక్క ఇంకా అలాగే ఉంటే విరిచి తీసేయండి, అది లేకపోతే ఎవరు పొరపాటున రికార్డు నొక్కినా మీ టేపుకి ఏమీ కాదు. మా రెండో క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా పొడిలా కనిపించింది. బూజు. గోదావరి జిల్లాల తేమకి బీరువాలో ఉన్నా పడుతుంది. అలాంటిది మిషన్లో పెడితే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన మంచి టేపుకి కూడా పాకుతుంది, కాబట్టి దాన్ని ముట్టుకోకుండా విడిగా కవర్లో పెట్టేసాం, శుభ్రం చేసేవాళ్ళకి పంపాలి.

ఇక టీవీ. మా టీవీకి వెనకాల పసుపు, తెలుపు, ఎరుపు రంగుల మూడు బెజ్జాలు లేవు, ఉన్నవన్నీ హెచ్‌డీఎంఐ. కొన్ని టీవీలకి ఏవీ ఇన్ అని ఒకే చిన్న బెజ్జం ఉంటుంది, దానికి తగ్గ పిన్ను ఉన్న వైరు కొనుక్కుంటే చాలు, మాకు అదీ లేదు. అందుకని కన్వర్టర్ డబ్బా తెప్పించాం. ఇక్కడ ఒక్కటి జాగ్రత్తగా చూసుకోండి, ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చేది ఒకటి, హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చేది ఇంకొకటి, రెండూ ఒకేలా ఉంటాయి, మాకు మొదట వచ్చింది రెండోది. తిప్పి పంపి సరైనది తెప్పించాం. దానికి విడిగా కరెంటు కూడా ఇవ్వాలి, యూఎస్‌బీ వైరు ఫోన్ ఛార్జర్‌కి పెడితే చాలు, అది పెట్టకపోతే టీవీలో సిగ్నల్ లేదనే వస్తుంది. పాల్ కూడా తీసుకుంటుందని డబ్బా మీద రాసి ఉండాలి.

ఒక శనివారం మధ్యాహ్నం అన్నీ కలిపాం. పసుపుకి పసుపు, తెలుపుకి తెలుపు, ఎరుపుకి ఎరుపు, బాబు చేత పెట్టించాను, వాడి చెయ్యి కూడా పడాలని. ముందు టేపుని ఆ చివర వరకూ తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పాం, ఏళ్ళ తరబడి ఒకేలా చుట్టుకుని ఉన్న టేపు కొంచెం వదులవ్వాలని. అప్పుడు ప్లే నొక్కాను.

నీలం తెర పోయి, వినాయకుడి బొమ్మ, శుభలేఖ, తర్వాత మా ఇంటి అరుగు. అరుగు మీద మా నాన్నగారు, తెల్ల పంచె, కండువా, ఎవరికో చెయ్యి ఊపుతూ. నేను ఏమీ మాట్లాడలేకపోయా. బాబు మాత్రం తాతయ్య ఇంత లావుగా ఉండేవారా అన్నాడు. లావు కాదు నాన్నా, అప్పటి టీవీ దాదాపు చదరంగా ఉండేది, ఇప్పటి తెరకి సరిపోవాలని మిషన్ పక్కలకి లాగేస్తోంది అని చెప్తుండగానే పాప సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 4:3 పెట్టేసింది. రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చాయి, మధ్యలో మా నాన్నగారు మా నాన్నగారిలా నిలబడ్డారు.

మూడు గంటల క్యాసెట్టు చూడ్డానికి మాకు మూడు శనివారాలు పట్టింది, ఎందుకంటే నిమిషానికోసారి పాజ్. ఆవిడెవరు, ఈయనెవరు, నాకేమవుతారు. ఆ ఆకుపచ్చ చీర మా పెద్దమ్మ, నీకు అమ్మమ్మ, పసుపు కొడుతున్నది మీ నాన్న మేనత్త, ఆ సన్నగా ఉన్న కుర్రాడు మీ మావయ్యే. ఈ వరసలన్నీ నేను ఇన్నేళ్ళూ చెప్తూనే ఉన్నా, ఆదివారం తెలుగు క్లాసులో చార్టు కూడా వేయించారు, కానీ చార్టులో ఉన్న మేనత్తకి మొహం లేదు కదా. ఇక్కడ మేనత్త రోకలి పట్టుకుని నవ్వుతోంది. పాప ఒక నోట్‌బుక్ తెచ్చుకుని మిషన్ మీద కనిపించే టైము చూసి రాసుకోవడం మొదలుపెట్టింది, ఏ టైముకి ఎవరు అని.

కాళ్ళు కడిగే దగ్గర మాత్రం నోట్‌బుక్ మూసేసింది. పీట మీద మా ఆయన కూర్చుని ఉంటే అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది, మా నాన్నగారు పళ్ళెంలో అల్లుడి కాళ్ళు కడుగుతున్నారు. తాతయ్య ఎందుకు నాన్న కాళ్ళు కడగాలి, తాతయ్య పెద్దవారు కదా, అమ్మాయి తరఫు అని చిన్నచూపా అని ఇంగ్లీషులోనే గట్టిగా అడిగింది, కళ్ళలో నీళ్ళు కూడా. వరుణ్ణి ఆ పూటకి విష్ణుమూర్తిగా భావించి చేసే పూజ అని చెప్పాను. మరి అమ్మాయి కాళ్ళు ఎవరూ కడగరేం అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఆ ప్రశ్న తట్టలేదు, తట్టినా అడిగే ధైర్యం ఉండేది కాదు. అప్పుడు మా ఆయన, అంతవరకూ మాట్లాడకుండా కూర్చున్న మనిషి, ఆ రోజు నాకూ ఇబ్బందిగానే ఉంది తల్లీ, కాళ్ళు వెనక్కి తీసుకోబోతే మీ తాతయ్య మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు, చూడు అని వెనక్కి తిప్పి చూపించారు. నిజంగానే ఉంది. ఒక్క క్షణం, చెయ్యి అలా వేసి తల అడ్డంగా ఊపారు. ఇన్నేళ్ళలో ఈ మాట నాకు కూడా చెప్పలేదు ఈయన. పాప దాన్ని నాలుగైదుసార్లు చూసింది. నా పెళ్ళిలో ఇది వద్దు అంది. సరే, అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. పిల్లలు మన పద్ధతుల్ని ప్రశ్నిస్తే వెంటనే సమర్థించుకోవాలని నాకూ నోటి చివరి దాకా వస్తుంది, కానీ అది తాతయ్య మీద ప్రేమతో అడిగిన ప్రశ్న, దాన్ని నోరుమూయిస్తే తాతయ్యనే దూరం చేసినట్టు అవుతుంది.

అన్నిటికన్నా బాధ కలిగించింది సౌండ్. అప్పట్లో పెళ్ళి వీడియోలకి మిక్సింగ్ చేయించడం మోజు కదా, మొత్తం మీద సినిమా పాటలు పరిచేసాడు. నాన్నగారి పెదాలు కదులుతుంటాయి, పాట వినిపిస్తుంటుంది. తలంబ్రాల దగ్గర పాట, అప్పగింతల దగ్గర ఏడుపు పాట, మంత్రాలు కూడా సగమే. రెండు శనివారాలు గడిచినా ఆయన గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. ఇక లేదనుకున్నా.

మూడో శనివారం భోజనాలు వచ్చాయి. అరటాకుల ముందు బంతి, వడ్డించేవాళ్ళు బకెట్లతో పరుగులు. ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే లోపు, కెమెరా మీద ఉన్న మైకులోంచి, గిన్నెల చప్పుడు మధ్యలోంచి వచ్చింది. "బాబూ, ఇటు రా, బావగారి విస్తట్లో నెయ్యి పడలేదు. మొహమాటపడకండి బావగారూ, పనసపొట్టు కూర ఇంకొంచెం వేయించుకోండి." పదకొండు సెకన్లు. తర్వాత పాట.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయా. వచ్చేసరికి పిల్లలు దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ వింటున్నారు. ఎక్కువసార్లు తిప్పితే టేపు అరిగిపోతుందని పాప అప్పటికే లాప్‌టాప్‌కి, వీడియోని కంప్యూటర్లోకి ఎక్కించే క్యాప్చర్ డబ్బా పెట్టేసింది. బాబు నన్ను చూసి మొహమాటం అంటే ఏంటి అన్నాడు. నువ్వు ఫ్రెండు వాళ్ళింటికి వెళ్తావు, ఆకలేస్తుంది, వాళ్ళమ్మ తింటావా అంటే వద్దంటావు చూడు, అది అన్నాను. దానికి పేరు ఉందా అన్నాడు వాడు ఆశ్చర్యంగా. వాడికి ఇక్కడ ఎవరూ ఆ పేరు చెప్పలేదు, వాడు దాన్ని ఒక లోపంలా మోస్తున్నాడేమో పాపం. తాతయ్య దాన్ని కనిపెట్టి రెండోసారి వడ్డించేవారని తెలిసాక ఇంకా చాలా అడిగాడు ఆయన గురించి, ఏం తినేవారు, కోపం వచ్చేదా, నాకు ఆయన పోలిక ఉందా.

ఆ రాత్రి, ఇండియాలో ఆదివారం పొద్దున్న, అమ్మకి వీడియో కాల్ చేసి వినిపించాం. అమ్మ ఏడవలేదు. ఆ బావగారు నిజంగానే నెయ్యి వేయించుకోలేదు, డాక్టరు వద్దన్నాడు ఆయన్ని, మీ నాన్నకి తెలీదు అంది, ఆ బంతిలో కూర్చున్నవాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పింది, పాప గబగబా రాసుకుంది.

ఇప్పుడు ఆ క్యాసెట్టు మా పుస్తకాల షెల్ఫులో నిలబెట్టి ఉంది. వీడియో అతను రాసిన మా పేర్ల కింద పాప తెల్ల స్టిక్కరు అంటించి, తెలుగులో, వంకర అక్షరాలతో ఇలా రాసింది: తాతయ్య గొంతు, 2 గంటల 14 నిమిషాల దగ్గర.