వెబ్ ఆప్షన్లు మీ చేత్తో మీరే పెట్టుకోండి

తెలంగాణ ఎంసెట్ పరీక్ష పేరు 2024లో ఈఏపీసెట్‌గా మారింది కానీ మా నర్సంపేటలో ఇంకా ఎంసెట్ అనే అంటారు, నేనూ అట్లనే రాస్తాను. 2025లో మా తమ్ముడు రాశాడు. ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒక్కటే, "వరంగల్ నిట్ల వస్తదా?" రాదు. నిట్ మన పక్కనే ఉన్నా దానికి జేఈఈ మెయిన్ రాయాలి, ఎంసెట్ ర్యాంకుతో పని లేదు. ఎంబీబీఎస్‌కు నీట్ వేరే. ఎంసెట్‌తో వచ్చేవి మన రాష్ట్రంలోని ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లు.

పరీక్ష గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కంప్యూటర్ మీద 3 గంటలు, 160 ప్రశ్నలు. ఇంజినీరింగ్ వాళ్లకు మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు, చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ ఏదో ఒకటి పెట్టేయాలి. పేపర్ షిఫ్టుకో రకంగా ఉంటుంది గనక నార్మలైజేషన్ చేస్తారు, అంటే షిఫ్టుల మధ్య తేడా పోయేట్టు మార్కులు సరిచేస్తారు, కాబట్టి "మా షిఫ్ట్ టఫ్ వచ్చింది" అని ఏడుస్తూ కూర్చోవాల్సిన పని లేదు. నేను 2017లో రాసినప్పుడు ఓఎంఆర్ షీటు, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేవి. ఇప్పుడు రెండూ లేవు. అయినా ఇంటర్‌ను తేలిగ్గా తీసుకోవద్దు, గ్రూప్ సబ్జెక్టుల్లో 45 శాతం లేకపోతే (రిజర్వేషన్ వాళ్లకు 40) ర్యాంకు ఉన్నా సీటు రాదు.

నేను ఇదంతా రాస్తున్నది ర్యాంకు వచ్చిన తర్వాతి సంగతి కోసం. రెండేళ్లు పొద్దుగాల ఐదింటికి లేచి చదివిన పిల్లలు, నాలుగు రోజుల వెబ్ ఆప్షన్లను, అంటే కావాల్సిన కాలేజీలను, బ్రాంచీలను కౌన్సెలింగ్ సైట్లో వరుసగా పెట్టుకునే పనిని, ఎవరి చేతిలోనో పెట్టేస్తారు. నాకు జరిగింది కూడా ఇదే. ఒక ప్రైవేటు కాలేజీ తరఫున ఒకాయన మోటార్ సైకిల్ మీద ఇంటికొచ్చి, "మీరేం ఫికర్ చేయకుండ్రి అన్నా, అంతా మేమే చూస్కుంటం" అని మా బాపుకు చెప్పి, నా హాల్ టికెట్ జిరాక్సు, పాస్‌వర్డ్ రాసుకుని పోయాడు. వాళ్ల కాలేజీని మొదట పెట్టి, కింద ఇంకో పది పెట్టాడు. సీటు వాళ్ల కాలేజీలోనే వచ్చింది. నా కేటగిరీలోనే, నాకన్నా వెనక ర్యాంకు వచ్చిన నా ఫ్రెండ్‌కు మాత్రం యూనివర్సిటీ కాలేజీలో వచ్చింది. ఆ రాత్రి బాపు అన్నం తినలేదు, నాతో మాట్లాడలేదు కూడా. తప్పు తనదనుకున్నాడు. మా ఇంట్లో ఎవరికీ ఆ లెక్క తెలియదు, అంతే.

లెక్క ఇదీ. కంప్యూటర్ మొదటి ర్యాంకు నుంచి ఒక్కొక్కరినీ తీసుకుంటూ వస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ లిస్టును పైనుంచి కిందికి చూసి, మీ కేటగిరీలో ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. ఆ కింద ఉన్నవాటిని ఇక చూడదు. అంటే మీకు రాదనుకునే కాలేజీని పైన పెట్టినందుకు నష్టం ఏమీ లేదు, మంచిది రాదేమోనని భయపడి మామూలు కాలేజీని పైన పెడితేనే నష్టం. పోయిన ఏడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో కౌన్సెలింగ్ సైట్లోనే ఉంటుంది. అది ఎంత కిందిదాకా ఆప్షన్లు పెట్టాలో తెలుసుకోవడానికే. వరుస మాత్రం మీ ఇష్టం ప్రకారమే.

తమ్ముడు లాంగ్ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీతలు గీసుకుని 64 ఆప్షన్లు రాసుకున్నాడు. కాలేజీ కోడ్, బ్రాంచ్, ఫీజు, ఊరు. బాపు పక్కన కూర్చుని ప్రతి దానికీ "బస్సు యాడ ఆగుతది?" అని అడిగాడు. మంచి ప్రశ్న అది, రోజూ నర్సంపేట నుంచి పోయి రావాలంటే వరంగల్‌లో దిగి మళ్లీ కిట్స్ కాలేజీ ఉన్న ఎర్రగట్టుగుట్ట దాకా ఇంకో బస్సు పట్టుకోవాలి కదా. కోడ్ తప్పకుండా చూసుకోండి. మన దగ్గర కిట్స్ అనే పేరే రెండు కాలేజీలకుంది, వరంగల్ కాకతీయ ఒకటి, హుజూరాబాద్ దగ్గర సింగాపూర్ కమలా ఇంకోటి. పేరు చూసి టిక్కు కొడితే అయిపోయినట్టే.

ఫీజు సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మాకు వర్తించిన లెక్క ప్రకారం బీసీలకు 10,000 లోపు ర్యాంకు అయితే మొత్తం ఫీజు రీయింబర్స్‌మెంట్, దాటితే ఏడాదికి 35,000 వరకే, మిగతాది మనం కట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఈ ర్యాంకు పరిమితి లేదు. ఆదాయ పరిమితి ఉంది కాబట్టి ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఆ ఏడాదిది మీసేవలో ముందే తీసుకోవాలి, కౌన్సెలింగ్ మొదలయ్యాక మీసేవ ముందు లైన్ చూస్తే టెన్షన్ వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో, లేదంటే చివర్లో మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్లలో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు.

ఫోన్ నంబర్ మీదే ఇవ్వండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. నెట్ సెంటర్‌కు పోయినా పక్కన కూర్చుని ఒక్కో ఆప్షన్ చదివించుకుని, ప్రింట్ తీసుకోండి. 2025లో మాక్ అలాట్‌మెంట్ (అసలు సీట్ల కన్నా ముందు, ఏది రావచ్చో చూపించేది) కూడా ఇచ్చారు, అది చూశాక తమ్ముడు నాలుగు ఆప్షన్లు అటూ ఇటూ మార్చుకున్నాడు.

కౌన్సెలింగ్ ఫస్ట్ ఫేజ్‌లో వాడికి ఏడో ఆప్షన్ వచ్చింది. సెకండ్ ఫేజ్‌లో ఇంకోటి వస్తే చేతిలో ఉన్న సీటు దానంతటదే పోతుంది, అందుకే దానికన్నా పైన రాసుకున్న ఆరే మళ్లీ పెట్టాడు, ఒక్కటి కూడా ఎక్కువ పెట్టలేదు. నాలుగోది వచ్చింది.