జర్మన్‌లో సంగీతం గురించి మాట్లాడటం నేర్చుకున్నా, కానీ ‘హా’ దగ్గర పరువు పోయింది

నిన్ననే కచేరీ అయిపోయింది, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, అయినా కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా. జర్మన్ నేర్చుకుంటున్నవాళ్ళలో పాటో వాయిద్యమో అలవాటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది మీకోసమే. కోర్సులో సంగీతం మీద ఒక పాఠం ఉంటుంది, అది అయిపోగానే ఇక మనకి ఆ విషయం మీద జర్మన్‌లో మాట్లాడటం వచ్చేసిందనుకుంటాం. రాదండీ. అది పాటలు వినేవాళ్ళ జర్మన్. పాడేవాళ్ళ జర్మన్ వేరే ఉంది, దాని గురించి క్లాసులో ఒక్క ముక్క చెప్పరు.

సులువైనవి ముందు చెప్పేస్తా. వాయిద్యాల పేర్లు బట్టీ కొడితే వచ్చేస్తాయి. గిటారె, ట్రోంపేటె, గైగె (అంటే మన వయొలినే), హార్ఫె, ఇలా చివర ‘ఎ’ తో ఆగేవి మామూలుగా ‘డీ’ లోకి వెళ్తాయి (డేర్, డీ, డాస్ అంటే లింగాన్ని బట్టి నామవాచకం ముందు పెట్టే మాటలు). పియానోని క్లవీర్ అంటారు, అది ‘డాస్’, చెల్లో కూడా ‘డాస్’, కొంట్రాబాస్ మాత్రం ‘డేర్’. నేను పియానో వాయిస్తా అనాలంటే ‘ఇష్ ష్పీలె క్లవీర్’ అంటే చాలు, మధ్యలో డేర్, డీ, డాస్ ఏమీ పెట్టక్కర్లేదు. జర్మన్‌లో ఇలాంటి అదృష్టం అరుదు కాబట్టి పండగ చేసుకోండి.

పాట నచ్చింది అనడం మనకి ఇంకా సులువు. ‘డాస్ లీడ్ గెఫెల్ట్ మీర్’, అంటే ఆ పాట నాకు నచ్చుతుంది. మనం అనేదీ అదేగా, వాక్యంలో పాటే కర్త, మనకేమో ‘కు’ తగులుతుంది. ఇంగ్లిష్ మీదుగా ఆలోచించేవాళ్ళు ఇక్కడ తలకిందులవుతారు, మా క్లాసులో చాలామంది అయ్యారు, నేను మాత్రం మొదటిరోజే సరిగ్గా చెప్పా. ఊరికే సంగీతం వింటా అనడానికి ‘ఇష్ హ్యోరె మ్యుజీక్’, ఎవరైనా పాడుతుంటే శ్రద్ధగా వినడానికి ‘త్సూహ్యోరెన్’, దీనికి కూడా ఆ ‘కు’ రూపమే వస్తుంది. ఇంతవరకు బానే ఉంది. పరీక్షలో నా హాబీ పాటలు వినడం అని చెప్పి బయటపడిపోవచ్చు.

ఒకరోజు క్లాసులో టీచర్‌ని అడిగా, శృతి తప్పింది అని జర్మన్‌లో ఎలా అంటారండీ అని. ‘అది పరీక్షలో రాదు’ అన్నాడు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నేనుండేది జర్మనీలోనే. ఇక్కడ చాలా ఊళ్ళలో అమెచ్యూర్ కోరస్ బృందాలుంటాయి, కోర్ అంటారు. సంగీతం రావాలి, భాష రావాలి, నలుగురు మనుషులు పరిచయం కావాలి అనుకుని నేనూ ఒక దాంట్లో చేరా. గొంతు పరీక్ష సులువుగానే అయిపోయింది, ఏదో ఒకటి పాడమన్నారు, పాడా, ‘ష్యోన్’ (బావుంది) అన్నారు, ఆల్ట్‌లో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళ గొంతుల్లో కింది స్థాయిని ఆల్ట్ అంటారు, ఆ మాటకి ముసలి అనే అర్థం కూడా ఉంది. నేను బుద్ధిగా ‘ఇష్ బిన్ ఆల్ట్’ అని పరిచయం చేసుకుంటే పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ ‘నేనూ అంతేనమ్మా, రెండు రకాలుగానూ’ అంది. అక్కడ అందరూ ఒకరినొకరు ‘డూ’ (నువ్వు) అనే పిలుచుకుంటారు, కోర్సులో ప్రాణం తీసి నేర్పిన మర్యాద ‘జీ’ (మీరు) మూటగట్టి పక్కన పెట్టేయొచ్చు.

అసలు కథ ప్రాక్టీస్‌లో మొదలైంది. ప్రోబె అంటారు దాన్ని. నడిపించే ఆయన (కోర్‌లైటర్) చెయ్యి ఆపి ‘అప్ టాక్ట్ జీబెన్ ఉంట్ ఫీర్త్సిష్, మిట్ ఔఫ్‌టాక్ట్’ అంటాడు, అన్న మరుక్షణం చెయ్యి లేస్తుంది, నలభై మంది పాడటం మొదలుపెడతారు. నేను ఇంకా కాగితం తిరగేస్తూ ఉంటా. టాక్ట్ అంటే నోట్స్‌లో (పాట స్వరాలు అచ్చేసిన కాగితాల్లో) రెండు నిలువు గీతల మధ్య గడి, జీబెన్ ఉంట్ ఫీర్త్సిష్ అంటే 47, కానీ వాళ్ళు ముందు ఏడు చెప్పి తర్వాత నలభై చెప్తారు కదా, మనకి ఏడు వినబడగానే వేలు డెబ్బైల వైపు పరిగెత్తుతుంది. బజార్లో ధర అయితే ఇంకోసారి అడగొచ్చు, ఇక్కడ అడిగే టైమ్ ఎక్కడిది. దీనికి నా మందు ఒకటే, పెన్సిల్ తీసుకెళ్ళి ప్రతి గడి మీదా నంబరు వేసుకోండి, అచ్చులో లైను మొదట్లో ఒక్కటే ఉంటుంది, అది చాలదు. ఇంట్లో పాత నోట్స్ ముందేసుకుని ఎవరిచేతైనా నంబర్లు అరిపించుకుని వేలు పెట్టడం ప్రాక్టీస్ చేయండి. ఔఫ్‌టాక్ట్ అంటే ఆ గడికి ముందే వచ్చే చిన్న ఎత్తుగడ, అక్కణ్ణుంచి అందుకోవాలి.

మిగతా ఆజ్ఞలు ఒక గుప్పెడే ఉంటాయి, అవే తిరిగి తిరిగి వస్తాయి. ‘త్సూ టీఫ్’ అంటే శృతి కిందకి జారింది. ‘త్సూ హోఖ్’ అంటే పైకి పోయింది. చూశారా, టీచర్ చెప్పనన్న ముక్క, రెండే మాటలు. ‘నిష్ట్ ష్లెప్పెన్’ అంటే ఈడ్చొద్దు, లయ వెనకపడుతోంది అని. ‘ఐన్‌జాట్స్’ అంటే మన వంతు అందుకోవాల్సిన చోటు. ‘పౌజె’ అంటే నోట్స్‌లో మౌనంగా ఉండాల్సిన చోటు, టీ తాగడానికి లేచే విరామానికి కూడా అదే మాట. ఇంకోటి, మన తెలుగులో ‘మెల్లగా’ అంటే వేగం తగ్గించడమూ అవుతుంది, గొంతు తగ్గించడమూ అవుతుంది. వీళ్ళకి వేగం అయితే లాంగ్‌జామ్, శబ్దం అయితే లైజె. ‘లైజర్’ అని ఆయన అరుస్తుంటే తాళం నెమ్మది చేయకండి. పియానో (ఇక్కడ వాయిద్యం కాదు, తక్కువ శబ్దం), ఫోర్టె (ఎక్కువ శబ్దం), క్రెషెండో (శబ్దం క్రమంగా పెంచడం) లాంటి ఇటాలియన్ మాటలు మాత్రం అవే ఉంటాయి కాబట్టి అక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇక పరువు పోయిన సంగతి. స్వరాలకి ఇంగ్లిష్‌లో ఏ, బీ, సీ అంటాం కదా, జర్మన్‌లో కూడా అక్షరాలే కాబట్టి ఉచ్చారణ మార్చుకుంటే చాలనుకున్నా. సీ ని త్సే, డీ ని డే, జీ ని గే, సరే. ఇంగ్లిష్ ‘ఈ’ ని వాళ్ళు ‘ఏ’ అంటారు, ఇంగ్లిష్ ‘ఏ’ ని ‘ఆ’ అంటారు, కాబట్టి ఆయన ‘ఏ’ అని అరిస్తే నా చెవి వేరే స్వరానికి వెళ్ళిపోయేది. అదైనా కొన్నాళ్ళకి సర్దుకుంది.

ఒక ప్రాక్టీస్‌లో ఆల్ట్ వాళ్ళు ఎక్కడో తప్పుతున్నారని ఆయన ఆపాడు. కొత్తదాన్ని కదా, నా వైపే చూసి ఈ గడిలో మొదటి స్వరం ఏమిటి అని అడిగాడు. ఐదు గీతల్లో సరిగ్గా మధ్య గీత మీద కూర్చుని ఉంది. ఇంతకన్నా సులువైన ప్రశ్న ఉంటుందా అని ఠకీమని ‘బే’ అన్నా. ఆయన కాగితం చూసి ‘డా ష్టేట్ కైన్ బే’ అన్నాడు, ఇక్కడ బే లేదు అని. అప్పుడే క్లాసులో ‘డోఖ్’ నేర్చుకున్నా, ఎదుటివాడు లేదంటే కాదు ఉంది అని కొట్టిపడేసే మాట. ఎప్పుడు వాడదామా అని చూస్తున్నా, వాడేశా. ‘డోఖ్!’

ఆయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. ఒక క్రోయిత్స్ ఉంది (అంటే షార్ప్ గుర్తు, స్వరాన్ని అరమెట్టు పైకి జరిపేది), బే ఎక్కడా లేదు అన్నాడు. నేను లేచి వెళ్ళి ఆయన కాగితం మీద వేలు పెట్టి చూపించా, ఇదిగో బే. ఆయన నా వేలు కింద చూసి, పక్కన చూసి, లైను మొదట్లో చూసి, చివరికి కాగితం ఎత్తి మొత్తం బృందాన్ని అడిగాడు, ఇక్కడ ఎవరికైనా బే కనబడుతోందా అని. నలభై మంది తలలు దించి వెతకడం మొదలుపెట్టారు. నాకు మంట, ఇంత మందికి నోట్స్ చదవడం రాదా అని. అప్పుడు వెనక వరసలో బాస్ గొంతు (మగవాళ్ళలో కింది స్థాయి) పెద్దమనిషి ఒకాయన గట్టిగా ‘హా’ అన్నాడు.

నవ్వుతున్నాడేమో అనుకున్నా. తిరిగి ఒక చూపు చూశా. ఆయన ఇంకా నెమ్మదిగా, నిలబెట్టి, ‘హా’ అన్నాడు. ఇక ఆగలేదు, అందరూ నిజంగానే నవ్వారు, సోప్రానోలు (ఆడవాళ్ళలో పై గొంతు వాళ్ళు) ముందు, తర్వాత నా పక్కన పెద్దావిడ కూడా. చెడ్డగా కాదు, ముద్దుగానే, కానీ నలభై మంది ముద్దుగా నవ్వినా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

విషయం ఏంటంటే ఇంగ్లిష్‌లో బీ అనే స్వరానికి జర్మన్‌లో పేరు హా, అంటే హెచ్ అక్షరం. వాళ్ళు బే అనేది ఇంగ్లిష్ వాళ్ళ బీ ఫ్లాట్, అంటే బీ కి అరమెట్టు కింది స్వరం. అక్కడితో అయిపోతే నయం, ఫ్లాట్ గుర్తు పేరు కూడా బే నే! అంటే హా ముందు బే పెడితే బే అవుతుంది. నేను స్వరాన్ని చూపిస్తున్నా, ఆయన గుర్తు కోసం వెతుకుతున్నాడు. పియానో అమ్మాయి రెండు మెట్లూ పక్కపక్కన వాయించి చూపించాక గాని నాకు ఎక్కలేదు. మా ట్యూనర్ యాప్‌లో (పాడిన స్వరం పేరు చూపించేది) కూడా బీ అనే పడేది, అందుకే ఇంట్లో ఎంత సాధన చేసినా ఈ సంగతి బయటపడలేదు. సెట్టింగ్స్‌లో స్వరాల పేర్లు జర్మన్‌కి మార్చుకునే వీలు చాలా యాప్‌లలో ఉంటుంది, ఈ ఒక్క పని ఇవాళే చేయండి.

ఇది ఎందుకొచ్చిందో తర్వాత చదివా. మధ్యయుగంలో ఈ స్వరానికి చిన్న బీ ని రెండు రకాలుగా రాసేవాళ్ళు, గుండ్రంగా రాస్తే కింది స్వరం, పలకలుగా రాస్తే పై స్వరం. ఆ పలకల బీ రాతలో హెచ్‌లా ఉండేది, జర్మన్ వాళ్ళు అలాగే ఉంచేసుకున్నారు. పోలండ్‌లోనూ హా నే. జర్మన్ స్వరకర్త బాఖ్ (1685-1750) ఇంటిపేరులో నాలుగు అక్షరాలూ (ఇంగ్లిష్‌లో బీ, ఏ, సీ, హెచ్) ఈ లెక్కన నాలుగు స్వరాలు, బే, ఆ, త్సే, హా. ఆయన తన పేరుని అలా సంగీతంలోనే పెట్టేశాడు. ఇంగ్లిష్ లెక్కలో అయితే ఆ పేరు వాయించడమే కుదరదు. ఇంత మంచి సంగతి, క్లాసులో అరనిమిషం చాలు చెప్పడానికి. మర్నాడు టీచర్‌తో అంటే ఏమన్నాడో ఊహించండి. అవును, అదే వాక్యం. పైగా తనకి నోట్స్ చదవడం రాదట. రాకపోతే రాలేదు, నేర్పే పాఠానికి సంగీతం అని పేరు పెట్టుకోవడం దేనికి? కార్డుల మీద ట్రాంబోన్ బొమ్మ చూపించి ‘పొజౌనె’ అని పదిసార్లు అనిపించాడు, ఇన్నాళ్ళలో ఒక్కసారి ఆ మాట అవసరం పడలేదు నాకు.

తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నా. షార్ప్ అయితే అక్షరం చివర ‘ఇస్’ తగిలించాలి, త్సిస్, డిస్, ఫిస్, గిస్. ఫ్లాట్ అయితే ‘ఎస్’, డెస్, గెస్. మినహాయింపులు మూడే, ఏ కి ‘ఎస్’, ఆ కి ‘అస్’, హా కి మన శత్రువు ‘బే’. స్కేల్ రకాల్లో మేజర్‌ని డూర్, మైనర్‌ని మోల్ అంటారు, రాసేటప్పుడు డూర్‌కి పెద్ద అక్షరం, మోల్‌కి చిన్న అక్షరం వేయడం అలవాటు. కాబట్టి ఎవరైనా మీ పాట ఏ స్కేల్ అంటే ఇంగ్లిష్ బీ మైనర్‌ని ‘బే మోల్’ అనేయకండి, పియానో వాళ్ళు అరమెట్టు కింద ఎత్తుకుంటారు. ‘హా మోల్’ అనాలి.

కార్డుల మీద ఒకవైపు ఇంగ్లిష్ స్వరం, ఇంకోవైపు జర్మన్ స్వరం రాసుకుని చదివే పద్ధతి అస్సలు వద్దు. అలా చదివితే మధ్యలో ఇంగ్లిష్ ఒక మజిలీ అయి కూర్చుంటుంది, పాట ఆగదు కదా మనకోసం. గీత మీద చుక్క చూడగానే నోట్లోకి జర్మన్ పేరే రావాలి. నేను రోజూ గొంతు సవరించుకునేటప్పుడు త్సే డే ఏ ఎఫ్ గే ఆ హా త్సే అని పైకి, కిందకి పాడుకున్నా. కిందకి దిగేటప్పుడే అసలు పరీక్ష, పై త్సే తర్వాత హా రావాలి, నాలుక బే వైపు లాగుతుంది. జర్మన్ బృందాల ప్రాక్టీస్ వీడియోలు కూడా చూడండి, కచేరీ వీడియోలు కాదు, వాటిలో ఎవరూ మాట్లాడరు.

బీ1 (జర్మన్ పరీక్షల్లో మధ్యస్థాయి) వస్తే చాలు, నీకెందుకు ఈ గోల అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆ మనుషులకి జర్మన్ వచ్చి ఏళ్ళవుతోంది, ఆఫీసు దాటి ఒక్క జర్మన్‌తో కూర్చుని మాట్లాడింది లేదు. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకుని చూసుకోవడానికా భాష?

కచేరీకి ముందు రోజు ఫైనల్ రిహార్సల్, గెనెరాల్‌ప్రోబె అంటారు. ఆయన మళ్ళీ ఆపి ఆల్ట్‌లని స్వరం అడిగాడు. ఎవరూ నోరు మెదిపేలోపు ‘ఫిస్’ అన్నా. వెనక బాస్ పెద్దమనిషి గట్టిగా ‘హా!’ అన్నాడు, ఈసారి మాత్రం నవ్వే. స్టేజి ఎక్కేముందు అందరూ ‘టోయ్ టోయ్ టోయ్’ (బాగా జరగాలి అని) చెప్పుకుంటారు, దానికి డాంకె (థాంక్స్) అనకూడదు, కీడట. నేను అనబోతుంటే పెద్దావిడ నా నోరు మూసేసింది. చివర్లో జనం ‘త్సూగాబె’ అని అరిచారు, ఇంకోటి పాడండి అని, పాడాం.

ఇవాళ పొద్దున కోర్సు వాళ్ళ ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది. సంగీతం పాఠంలో స్వరాల పేర్లు ఒక్క పేజీ పెట్టండి, హా కి బే కి తేడా రెండు లైన్లలో రాయండి అని రాశా. రాసిన పది సెకన్లకే జవాబు వచ్చింది, మీ విలువైన సూచనకి ధన్యవాదాలు, తర్వాతి లెవెల్‌కి ఇప్పుడే రిజిస్టర్ చేసుకోండి అని.