మంగళవారం, పారిష్ కౌన్సిల్ మీటింగ్

పొద్దున్నుంచీ ఇంట్లోనే ఆఫీసు పని. రాసుకోవాల్సినంత విశేషం ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం తింటూ నాన్నకి ఫోన్ చేసి, సాయంత్రం ఇంగ్లండులో మేముండే ఊరి పారిష్ కౌన్సిల్ (మన గ్రామ పంచాయతీ లాంటిది) మీటింగ్‌కి వెళ్తున్నానని చెప్పాను. స్కూలు వెనక పొలంలో నలభై ఇళ్లు కడతామని ఒక బిల్డర్ అర్జీ పెట్టుకున్నాడు, దాని మీద చర్చ.

"పర్మిషన్ ఇచ్చేది వాళ్లేనా?" అన్నారు నాన్న.

"కాదు నాన్నా, డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఇస్తుంది. వీళ్లు అభిప్రాయం మాత్రమే చెప్తారు."

"మరి దానికి మీటింగ్ ఎందుకురా?"

అక్కడ మా సొంతూళ్లో చిన్న ఇళ్లకి పంచాయతీయే పర్మిషన్ ఇస్తుంది కాబట్టి ఆయనకి ఆ అనుమానం రావడం సహజమే. ఇంగ్లండులో 1894 చట్టంతో మొదలైన ఈ పారిష్ కౌన్సిళ్లు ఇప్పుడు దాదాపు పదివేలున్నాయి. కౌన్సిలర్లకి జీతం ఉండదు. ఊళ్లోకి ఏ ప్లానింగ్ అర్జీ వచ్చినా పై కౌన్సిల్ వీళ్లకి తెలియజేస్తుంది, 21 రోజుల్లోగా మాట రాసి పంపాలి. ఆ మాటని లెక్కలోకి తీసుకోవాలి కానీ, దానికి కట్టుబడాల్సిన పని లేదు.

ఏడున్నరకి వెళ్లేసరికి విలేజ్ హాల్ నిండిపోయింది. ఎప్పుడూ వచ్చే నలుగురైదుగురు కాదు, గోడవారగా నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. ముందుగా ఒక కౌన్సిలర్ లేచి, ఆ పొలం పక్క భూమి తన కుటుంబానిదని చెప్పి బయటికి వెళ్లిపోయాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాకు చాలా నచ్చింది.

తర్వాత ఊరివాళ్లకి మనిషికి మూడు నిమిషాలు. మా వీధి చివర ఉండే పెద్దావిడ లేచింది. పుట్టినప్పటి నుంచీ ఇదే ఊరు ఆవిడకి. వంటింటి కిటికీలోంచి ఆ పొలాన్ని చూస్తూనే బతికానని, ఇళ్లు వస్తే తన ఇంటి ధర కూడా పడిపోతుందని చెప్తూ ఏడ్చినంత పని చేసింది. ఈ రెండూ ప్లానింగ్‌లో చెల్లవు. కిటికీలోంచి కనిపించే దృశ్యానికి గానీ, ఇంటి ధరకి గానీ అక్కడ విలువ లేదు. అలాగని కౌన్సిల్ క్లర్క్ ఆ పెద్దావిడ మాటకి అడ్డు రాలేదు. అంతా విన్నాక, "వానలు పడితే ఆ పొలం ఎలా ఉంటుంది?" అని అడిగింది. శీతాకాలం వానలకి పక్క కాలువ పొంగి నీళ్లు స్కూలు సందులోకి వస్తాయని, పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని నడిచిన రోజులున్నాయని పెద్దావిడ చెప్పింది. ఏ ఏడు ఎంత మేర వచ్చిందో వేలు పెట్టి చూపించినట్టు చెప్పింది. క్లర్క్ గబగబా రాసుకుంది. బిల్డర్ ఇచ్చిన రిపోర్టులో ఆ కాలువ ఊసే లేదు!

నా దృష్టిలో పారిష్ కౌన్సిల్ చేసే అసలు పని ఇదే. ఊరివాళ్ల బాధలోంచి ప్లానింగ్ ఆఫీసర్ పక్కన పెట్టలేని కారణాన్ని వెతికి తీయడం. వరద, రోడ్డు భద్రత, ఎండ తగలకపోవడం, పక్కింట్లోకి కనిపించడం, ఇవి చెల్లుతాయి. "మాకిష్టం లేదు" అన్న ఉత్తరాలు వంద పంపినా, ఆ కాలువ గురించిన ఒక్క పేరాకి సాటిరావు.

నేను ఇళ్లకి వ్యతిరేకం కాదు. ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే కుర్ర జంటలు అద్దె ఇల్లు దొరక్క ఎంత దూరం నుంచి వస్తున్నారో చూస్తున్నాను. నా భయమంతా ఆ సందు గురించే. ఫుట్‌పాత్ లేదు, మా పాప రోజూ అక్కడే నడుస్తుంది. నా మూడు నిమిషాల్లో అదే చెప్పాను. గొంతు కొంచెం వణికింది కానీ చెప్పాల్సింది చెప్పాను.

చివరికి, అర్జీ ఇప్పుడున్న రూపంలో వద్దని ఓటు వేశారు. ఒకవేళ పై కౌన్సిల్ ఒప్పుకుంటే ముందు ఫుట్‌పాత్ వేయాలని, స్కూలు మొదలయ్యే, వదిలే వేళల్లో లారీలు రాకూడదని షరతులు కూడా రాశారు. వద్దంటూనే షరతులు కూడా రాయడం చాలా తెలివైన పని అనిపించింది.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడదు. అర్జీ తిరస్కరిస్తే బిల్డర్ అప్పీలుకి వెళ్లొచ్చు. ఒప్పుకుంటే ఊరివాళ్లకి ఆ హక్కు లేదు. కోర్టుకెక్కాలంటే చట్టపరమైన లోపం చూపించాలి, డబ్బూ పెట్టుకోవాలి. ఇది అన్యాయం. అందుకే ఈ 21 రోజులు అంత ముఖ్యం. ఊరి తరఫున నైబర్‌హుడ్ ప్లాన్ (ఊరివాళ్లే రాసుకునే కట్టడాల ప్రణాళిక) ఉండి, రెఫరెండంలో, అంటే ఊరివాళ్ల ఓటింగ్‌లో, నెగ్గి ఉంటే ఇళ్లు ఎక్కడ రావాలో మనమే ముందుగా చెప్పుకునేవాళ్లం. 2011 చట్టం ఆ వీలు ఇచ్చింది. మా ఊళ్లో ఇంకా మొదలే పెట్టలేదు. వచ్చే మీటింగ్‌లో అడగాలి.

హాల్లో మన తెలుగువాళ్లు ఒక్కరూ కనిపించలేదు. ఇదే హాల్లో బతుకమ్మ ఆడతాం, సంక్రాంతి చేసుకుంటాం. ఆ కొత్త ఇళ్లు కొనేవాళ్లలోనూ మనవాళ్లు ఉంటారు, ఆ సందులో నడిచేది మన పిల్లలే. ఇంటికి రాగానే వాట్సాప్ గ్రూపులో పెట్టాను: కామెంట్లకి గడువు శుక్రవారం, ఎవరికి వారు విడిగా రాయండి, ధరల గురించి వద్దు, సందులో మీరు కళ్లారా చూసింది రాయండి అని. ఇద్దరు అప్పుడే ఫోన్ చేసి ఎక్కడ రాయాలని అడిగారు. రేపు లంచ్ టైమ్‌లో వాళ్లతో కూర్చుని, నాది కూడా పంపించేయాలి.