ఆర్టీమియా పిల్లల్లో బలం ఎంతసేపు ఉంటుంది?

ఆర్టీమియా అంటే చేపపిల్లలకు మేతగా వేసే, ఉప్పునీళ్లలో పెరిగే చిన్న రొయ్య లాంటి జీవి. గుడ్డు పగిలి బయటికొచ్చిన ఆర్టీమియా పిల్లకు నోరు పనిచేయదు. ఒంట్లో మిగిలిన సొన మీదే బతుకుతుంది. మన ఏంజెల్, ఫైటర్ చేపపిల్లల కడుపులోకి వెళ్లే బలం ఆ సొనదే. 28 డిగ్రీల నీళ్లలో సుమారు 8 గంటలకు అది మొదటి పొర విడుస్తుంది. మేత లేకుండా 24 గంటలు గడిస్తే ఒంట్లోని శక్తిలో దాదాపు పావు వంతు కరిగిపోతుంది. నారింజ రంగు వెలిసిపోతుంది, సైజు పెరుగుతుంది, ఈత వేగమూ పెరుగుతుంది. చిన్న నోటి చేపపిల్ల దాన్ని పట్టుకోలేదు, పట్టుకున్నా దక్కేది తక్కువ. అందుకే పొదిగిన వెంటనే పెట్టాలి. మిగిలినవి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర, పల్చగా, గాలి తగిలేలా ఉంచితే ఒక రోజు వరకు సొన పెద్దగా తరగదు.

పొదిగించడానికి లీటరు నీళ్లకు అయోడిన్ కలపని కల్లుప్పు 25 నుంచి 30 గ్రాములు, తినే సోడా 1 గ్రాము, గుడ్లు 2 గ్రాములు చాలు. పీహెచ్ 8కి తగ్గకూడదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందు రాత్రే పట్టి గాలి పెట్టి ఉంచండి. అడుగు కోసి తలకిందులుగా నిలిపిన బాటిల్‌లో గాలి గొట్టం మూత దాకా దిగాలి, లేకపోతే గుడ్లు అడుగున పేరుకుని ఊపిరాడక పోతాయి. లైటు మొదటి నుంచీ వెలగాలి.

విజయవాడ మే నెల ఎండలకు గదిలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే పొదుగుదల పడిపోతుంది. బాటిల్‌ను చల్లటి నీళ్ల బకెట్‌లో పెట్టండి. జనవరి రాత్రుల్లో మాత్రం 24 గంటల పని 36 గంటలు పడుతుంది. అన్నీ ఒక్కసారి రావు కాబట్టి ముందొచ్చినవి సొన ఖర్చు చేసేసుకుంటాయి. అప్పుడు హీటర్ తప్పదు.

గాలి ఆపిన 10 నిమిషాలకు పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అడుక్కి చేరతాయి. పిల్లలు లైటు వైపు గుమిగూడతాయి. వాటిని సన్నటి గుడ్డలో వడకట్టి మంచినీళ్లతో కడగండి. పెంకులు చేపపిల్ల కడుపులో అడ్డం పడతాయి, ఇందులో బద్ధకం వద్దు. మంచినీళ్ల తొట్టిలో ఆర్టీమియా కొన్ని గంటలే బతుకుతుంది, కాబట్టి రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా వేయండి.

ఎండు బరువులో సగం దాకా ప్రొటీనే ఉన్నా దీనికో పెద్ద లోటుంది. మెదడుకు, కంటికి కావలసిన డీహెచ్‌ఏ కొవ్వు ఇందులో దాదాపు ఉండదు. మంచినీటి చేపలు ఇతర కొవ్వుల నుంచి కొంత తయారుచేసుకోగలవు. పండుగప్ప లాంటి సముద్రపు చేపపిల్లలకు అలా తయారుచేసుకునే శక్తి చాలదు, అవి బలహీనపడి చనిపోతాయి. వాటి కోసం కాడ్ లివర్ ఆయిల్‌ను పచ్చి కోడిగుడ్డు సొనతో, నీళ్లతో మిక్సీలో తెల్లగా చిలికి, ఆర్టీమియాకు 12 గంటలు పట్టించాలి. పొర విడిచి నోరు తెరిచాకే కలపండి. ముందే కలిపితే నూనె ఒంటికి అంటుకుని నీళ్లు పాడవడమే మిగులుతుంది. పట్టించాక ఆలస్యం చేయొద్దు, ఎక్కించిన డీహెచ్‌ఏను ఆర్టీమియా త్వరగా వాడేసుకుంటుంది.

మూత తెరిచిన గుడ్ల డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, గాలి చొరకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. మన వానాకాలపు తేమకు గుడ్లు సగం మేల్కొని అక్కడే చచ్చిపోతాయి.