మోటారు బాగానే ఉంది, యూనిట్ మాత్రం మార్చాలి

విద్యుత్ కార్ల గురించి మాట్లాడుకునేటప్పుడు చర్చంతా బ్యాటరీ చుట్టూనే తిరుగుతుంది. మోటారు సంగతి వస్తే, అందులో తిరిగే భాగం ఒక్కటే, పాడవడానికి ఏముంది అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పిస్టన్లు, వాల్వులు, టైమింగ్ బెల్టు, క్లచ్ లేని యంత్రంలో చెడిపోయే అవకాశాలు తప్పకుండా తక్కువే. అయితే కారును నడిపేది మోటారు ఒక్కటే కాదు. ఇన్వర్టర్, మోటారు, వేగం తగ్గించే గేర్లు, రెండు చక్రాలకూ బలాన్ని పంచే డిఫరెన్షియల్ కలిపి బిగించిన డ్రైవ్ యూనిట్ దానిని నడుపుతుంది. అందులోని రాగి తీగలు, ఇనుప రేకులు సాధారణంగా ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. వాటిని పట్టి నిలిపే బేరింగులు, ద్రవాన్ని ఆపే సీళ్లు మాత్రం అరుగుతాయి. అంత చిన్న భాగం చెడినందుకు యూనిట్ మొత్తం దించి మార్చవలసి రావడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

ఆ బేరింగుల మీద పడే పని ఎంతో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు అనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి దాదాపు 800 సార్లు తిరుగుతుంది. గేరు నిష్పత్తి తొమ్మిది అయితే మోటారు 7,000 సార్లకు పైగా తిరుగుతుంది. రెండు లక్షల కిలోమీటర్లు నడిచేసరికి రోటర్, అంటే మోటారులో తిరిగే భాగం, సుమారు 85 కోట్ల చుట్లు తిరిగి ఉంటుంది. పెట్రోలు ఇంజిను మామూలు ప్రయాణంలో ఇంత వేగానికి ఎప్పుడో గాని చేరదు.

వేగం ఒక్కటే అయితే మంచి బేరింగు తట్టుకుంటుంది. దానికి తోడయ్యేది విద్యుత్తు. ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి వచ్చే డీసీని సెకనుకు వేల సార్లు తెంపుతూ, కలుపుతూ మోటారుకు కావలసిన ఏసీగా మారుస్తుంది. అలా తెంపి కలిపే ప్రతిసారీ కదలని భాగమైన స్టేటర్ తీగలకూ రోటర్‌కూ మధ్యనున్న సన్నని ఖాళీ ఒక కెపాసిటర్‌లా పనిచేసి, రోటర్ ఇరుసు, అంటే షాఫ్ట్ మీద కొంత వోల్టేజీ పోగవుతుంది. అది ఏదో ఒక దారిన బయటి లోహపు పెట్టెలోకి పోవాలి, అందుబాటులో ఉన్న దారి బేరింగే. బేరింగులో గుండ్లకూ వలయానికీ మధ్య నూనె పొర మైక్రాన్ల మందంలో ఉంటుంది. వోల్టేజీ ఆ పొరను ఛేదించినప్పుడల్లా చిన్న మెరుపు పుట్టి, ఉక్కు మీద కంటికి కనిపించనంత చిన్న గుంట పడుతుంది, అక్కడి నూనె మాడుతుంది. ఒక్క గుంటతో ఏమీ కాదు, కానీ అవి కోట్ల సంఖ్యలో పడతాయి.

అలా పాడైన బేరింగును కోసి, వలయాన్ని ఒక మరమ్మతు నిపుణుడు నా చేతిలో పెట్టినప్పుడు చాలాసేపు దానినే చూస్తూ ఉండిపోయాను. అద్దంలా మెరవవలసిన దారి మొదట మసకబారి, ఆ మసక మీద అడ్డంగా, సమాన దూరంలో, దువ్వెన పళ్లలా గీతలు పడి ఉన్నాయి. గోటితో తాకితే ఒక్కొక్క గీతా తెలుస్తుంది. గుండ్లు ఆ గీతల మీదుగా వేగంగా దొర్లేటప్పుడు పుట్టే మోతనే కారులో కూర్చున్నవాళ్లు సన్నని హోరుగా వింటారు. దీనికి విరుగుడు తెలియనిది కాదు. ఉక్కు గుండ్లకు బదులు కరెంటును పోనివ్వని సిలికాన్ నైట్రైడ్ గుండ్లు వాడవచ్చు, లేదా షాఫ్ట్ మీది వోల్టేజీని బేరింగు దాకా రానివ్వకుండా పక్కదారి పట్టించే బ్రష్‌నో, కార్బన్ పోగుల రింగునో అమర్చవచ్చు. చాలా కొత్త కార్ల ఇన్వర్టర్లలో సిలికాన్ కార్బైడ్ స్విచ్‌లు మరింత వేగంగా తెరిచి మూస్తాయి కనుక ఈ రక్షణ అవసరం పెరిగిందే గాని తగ్గలేదు.

ఈ విషయంలో అందరికీ తెలిసిన చరిత్ర 2012లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్‌ది. తొలి ఏళ్ల కార్లలో హోరు, రాపిడి శబ్దాల కారణంగా చాలామందికి డ్రైవ్ యూనిట్లు మార్చారు, కొందరికి ఒకటికి రెండుసార్లు. 2014లో ఆ సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ స్వయంగా చెప్పిన సంగతి నాకు ఇప్పటికీ ముఖ్యంగా తోస్తుంది: మార్చిన వాటిలో కొన్నింటికి యూనిట్ మార్చవలసిన అవసరమే లేదు, డిఫరెన్షియల్ దగ్గర ఒక షిమ్, అంటే సందును పూడ్చే పలుచని లోహపు ముక్క, పెడితే సరిపోయేది, దాని వెల 50 సెంట్లు. అదే ఏడాది ఆగస్టులో సంస్థ 85 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న మోడల్ ఎస్ డ్రైవ్ యూనిట్ వారంటీని దూరపు పరిమితి లేకుండా 8 ఏళ్లకు పెంచి, అప్పటికే అమ్మిన కార్లకూ వర్తింపజేసింది. అది మెచ్చుకోదగిన నిర్ణయం. అయినా అంత చవకైన ముక్కతో పోయే దోషానికి యూనిట్‌నే దించేశారంటే, లోపం యంత్రంలో ఎంత ఉందో రోగనిర్ధారణలోనూ అంతే ఉందని నా అభిప్రాయం.

అదే కారు పెద్ద డ్రైవ్ యూనిట్‌లో మరో బలహీనత ఉంది. రోటర్‌ను చల్లబరచడానికి దాని షాఫ్ట్‌ను బోలుగా చేసి, గ్లైకాల్ కలిపిన కూలెంట్‌ను లోపలికి పంపారు. నిలకడగా ఉన్న గొట్టానికీ నిమిషానికి వేల సార్లు తిరిగే షాఫ్ట్‌కూ మధ్య ఒక సీల్ మాత్రమే అడ్డు. ఆ సీల్ అరిగితే కూలెంట్ మెల్లగా మోటారులోకి, ఒక్కోసారి ఇన్వర్టర్ దాకా చేరుతుంది. మొదట్లో కారు నడకలో ఏ తేడా కనిపించదు. కొంతకాలానికి తీగల ఇన్సులేషన్ నిరోధం, అంటే కరెంటు బయటికి పోకుండా ఆపే గుణం, పడిపోతుంది, కారు దానిని పసిగట్టి కదలనని మొరాయిస్తుంది. ఏసీ సర్క్యూట్లకు భద్రతా ప్రమాణాలు ప్రతి వోల్టుకు కనీసం 500 ఓమ్‌లు అడుగుతాయి, అంటే 400 వోల్టుల కారులో రెండు లక్షల ఓమ్‌లు. ముందుగా కనిపెట్టే మార్గం మాత్రం ఆశ్చర్యం కలిగించేంత సులువు. మోటారు చివర ఉండే స్పీడ్ సెన్సర్‌ను విప్పి బయటికి తీసి, దాని మొన పొడిగా ఉందో తడిగా ఉందో చూస్తే చాలు. తడి ఉంటే సీల్ పోయినట్టే. మోడల్ 3 మొదలుకొని మోటారును నూనెతో చల్లబరచడం మొదలైంది. నూనె కరెంటును పోనివ్వదు, పైగా బేరింగులకూ గేర్లకూ అదే కందెన అవుతుంది. నాకు ఇది చాలా తెలివైన మార్పుగా కనిపిస్తుంది.

శబ్దం వినబడగానే డ్రైవ్ యూనిట్ పోయిందని కంగారు పడనక్కర లేదు. మలుపులో ఒక పక్కకు తిరిగినప్పుడు పెరిగి, రెండో పక్కకు తగ్గితే అది చాలావరకు చక్రం బేరింగు, ఖర్చు తక్కువ. యాక్సిలరేటర్ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ కూత మారుతుంటే గేరు పళ్లను అనుమానించాలి. విద్యుత్ కారు వేగం తగ్గేటప్పుడు మోటారే జనరేటరై బ్యాటరీకి కరెంటు పంపే రీజెన్ బ్రేకింగ్ వల్ల గేరు పళ్లకు రెండు వైపులా భారం పడుతుందని చాలామందికి తోచదు. నొక్కినా వదిలినా మారకుండా, వేగంతో పాటే స్థాయి పెరిగే హోరు అయితే మోటారు బేరింగు వైపు చూడాలి.

మార్పిడి దగ్గరికి వద్దాం. సర్వీస్ సెంటర్లు యూనిట్‌ను విప్పకుండా మార్చడానికి కారణాలు ఉన్నాయి. అధిక వోల్టేజీ పని కనుక శిక్షణ కావాలి, ఇన్వర్టర్ కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగాలి, బేరింగులను ప్రెస్‌తో దించి ఎక్కించాలి, దుమ్ము పడకూడదు. దించిన యూనిట్లను ఫ్యాక్టరీకి పంపి, బాగుచేసి మళ్లీ వాడే పద్ధతి కూడా ఉంది, అది మంచిదే. ఇబ్బంది అంతా వారంటీ ముగిసిన తరువాత వస్తుంది. తక్కువ ఖర్చుతో పోయే బేరింగు జతకు బదులు యూనిట్ ధర చెప్పినప్పుడు, పదేళ్ల కారును బాగు చేయించడం కన్నా తుక్కుకు వేయడమే నయమనిపిస్తుంది. ఇది విధిరాత కాదు, డిజైన్‌లో తీసుకున్న నిర్ణయం. నిస్సాన్ లీఫ్‌లో ఇన్వర్టర్, మోటారు, గేర్‌బాక్స్ విడివిడి పెట్టెలుగా బోల్టులతో కలిసి ఉంటాయి, ఏది చెడితే దానిని విప్పవచ్చు. తొలి లీఫ్ యజమానుల బాధలు ఎక్కువగా గాలితోనే చల్లబడవలసిన బ్యాటరీ గురించే గాని మోటారు గురించి కాదు. విడిభాగాలుగా కట్టినంత మాత్రాన యూనిట్ బలహీనం కాదనడానికి నాకు ఆ కారే సాక్ష్యం.

గేర్ ఆయిల్ గురించి ఒక్క మాట. జీవితకాలం మార్చనక్కరలేదని రాసి ఉన్నా, గేర్లు కొత్తలో ఒరుసుకున్నప్పుడు రాలిన లోహపు పొడి ఆ నూనెలోనే తిరుగుతుంది. డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు పేస్టు కనిపిస్తుంది. పలుచగా ఉంటే సహజం, రవ్వలు తగిలితే పరీక్ష అవసరం. కారు ఎక్కువకాలం ఉంచుకునేవారు ఒకసారైనా మార్పించడం మంచిదని నేను నమ్ముతాను.

వాడిన విద్యుత్ కారు కొనేవారు బ్యాటరీ ఆరోగ్యంతో పాటు డ్రైవ్ యూనిట్ గురించి కూడా కాగితం మీద అడగాలి. ఇంతకుముందు మార్చారా, మార్చితే కొత్తది వేశారా, బాగుచేసినది వేశారా, దానికి విడిగా వారంటీ ఉందా, బ్యాటరీకి ఇచ్చిన 8 ఏళ్లలో డ్రైవ్ యూనిట్ కూడా వస్తుందా లేదా అన్నవి సేల్ ఖాయం కాకముందే తేలాలి. బయటి మెకానిక్ చేత పాత యూనిట్ వేయించి ఉంటే, కారు సాఫ్ట్‌వేర్ దానిని తనదిగా గుర్తించి నమోదు చేసుకుందో లేదో కూడా చూడాలి, లేకపోతే తరువాతి అప్‌డేట్‌తో ఆ కారు ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.