లంబసింగి చలిలో సెల్ఫ్ తీసుకోని పాత కారు

లంబసింగిలో మంచు చూడాలంటే ఆరు గంటలకల్లా చెరువులవేనం గుట్ట మీద ఉండాలి. ఎండ పొడిచాక లోయలోని పాలపొంగు లాంటి మేఘం ఎంతోసేపు నిలవదు. డిసెంబరు చివరి వారంలో, మేం బస చేసిన చోట తెల్లవారుజామున నాలుగున్నరకు తాళం తిప్పితే బండి ‘గ్ర్...’ అని అర చుట్టు మూలిగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. పదేళ్ల పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొని రెండు నెలలు. ముందు రోజు విశాఖ నుంచి అనకాపల్లి, తాళ్లపాలెం, నర్సీపట్నం మీదుగా సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఘాట్ ఎక్కి వచ్చింది. దారిలో ఎక్కడా మొరాయించలేదు.

బస యజమాని టార్చ్ పట్టుకుని వచ్చి, ‘‘బ్యాటరీ పోయిందండి, చలికి ఇక్కడ చాలా బళ్లకి ఇదే’’ అన్నారు. చలికి బ్యాటరీ బలం తగ్గే మాట నిజమే. లోపలి రసాయన చర్య మందగిస్తుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్ మీద బరువు పెరుగుతుంది. అలాగని వెంటనే కొత్త బ్యాటరీ కొనకూడదు. పాత బండిలో బ్యాటరీ మీద పడే నింద చాలాసార్లు దానికి తగిలించిన తీగలది.

ముందు చెవితో వినాలి. తాళం తిప్పితే ‘టకటకటక’ అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో ఛార్జ్ లేదు, లేదా టెర్మినల్ వదులు. ఒక్కసారే గట్టిగా ‘టక్’ అని ఊరుకుంటే సెల్ఫ్ మోటార్ బ్రష్‌లు, దానికి కరెంటు కలిపే స్విచ్ అయిన సాలినాయిడ్ మీద అనుమానం. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజ్, రిలే, తాళం స్విచ్ చూడాలి. కొన్ని బళ్లలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ కొడుతుంది, ఆటోమేటిక్ అయితే లివర్ పీ లేదా ఎన్‌లో ఉండాలి. మా బండిలా బరువుగా మూలిగితే కరెంటు సెల్ఫ్‌కు సరిపడా అందడం లేదని అర్థం. ఎందుకు అందడం లేదో చెవి చెప్పలేదు, మల్టీమీటర్ చెబుతుంది. ఐదారు వందల రూపాయల మీటరైనా ఈ పనికి చాలు.

బోనెట్ ఎత్తి, మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి బ్యాటరీ రెండు స్తంభాల మీద ఆనించాం. తీగలను పట్టి ఉంచే క్లాంపుల మీద కాదు, సీసపు స్తంభాల మీదే. 12.4 చూపింది. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు 12.6 ఉంటే నిండు ఛార్జ్, 12.4 ముప్పావు, 12.2 సగం, 12.0కి దిగితే పావు కిందే లెక్క. తర్వాత ఒకరు తాళం తిప్పుతుండగా అదే చోట చూస్తే 11.2. బ్యాటరీ నిజంగా చచ్చి ఉంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందకు జారేది. ఇక్కడ అది నిలబడే ఉంది. అంటే కరెంటు ఉంది, దారిలో ఏదో ఆపుతోంది.

మెకానిక్ షెడ్డుల్లో హడావుడిలో తరచూ వదిలేసే పరీక్ష తర్వాతది. మీటర్ ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ స్తంభానికి, రెండోదాన్ని ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుప భాగానికి ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. ఎర్త్, అంటే బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజిన్‌కు, బాడీకి కలిపే దారి, బాగుంటే 0.2 వోల్టు లోపు చూపుతుంది. 0.5 దాటితే తప్పకుండా లోపమే. మాకు 3.1 వచ్చింది. 11.2లోంచి 3.1 ఎర్త్ దారిలోనే ఖర్చయిపోతే సెల్ఫ్‌కు మిగిలేది మహా అయితే 8.1 వోల్టులు. వెచ్చటి విశాఖలో ఆ ఎనిమిదితో ఎలాగో తిరిగేది. లంబసింగి చలిలో, చిక్కబడిన ఆయిల్‌లో ఆగిపోయింది. పాజిటివ్ వైపూ ఇదే పద్ధతి: ఒక మొన పాజిటివ్ స్తంభానికి, ఇంకోటి సెల్ఫ్ మోటార్ మీది లావు బోల్టుకు పెట్టి చూడాలి. మాకు అటువైపు 0.2 మాత్రమే.

కారణం తెలిశాక ఉపాయం చిన్నదే. జంపర్ కేబుల్లో నల్ల తీగ ఒక్కటే తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొస ఇంజిన్‌కు ఉన్న గట్టి ఇనుప బ్రాకెట్‌కు తగిలించాం. బెల్టుకు, ఫ్యాన్‌కు తగలకుండా పక్కకు తీసి తాళం తిప్పితే రెండు చుట్లలో బండి అందుకుంది. ఇంకో కారు సాయం అక్కర్లేదు, కొత్త బ్యాటరీ అక్కర్లేదు. ఎర్త్ లోపమా కాదా అని రోడ్డు మీద తేల్చుకోవడానికి ఇది నమ్మకమైన పరీక్ష.

బ్యాటరీయే దిగిపోయిన సందర్భం వేరు. అప్పుడు రెండో కారు కావాలి. ఎర్ర తీగ ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల తీగ మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, చివరి కొస దిగిపోయిన బండి ఇంజిన్ ఇనుముకు. ఆ చివరి కొసను బ్యాటరీ మీద పెట్టొద్దు, అక్కడ లేచే నిప్పురవ్వకు బ్యాటరీలోంచి వచ్చే హైడ్రోజన్ అంటుకోవచ్చు. మంచి బండి ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడవనిచ్చి, దిగిపోయిన బండిని స్టార్ట్ చేయాలి. తీసేటప్పుడు వెనక నుంచి ముందుకు. తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేర్ బండికే: తాళం ఆన్‌లో, రెండో గేర్‌లో, క్లచ్ తొక్కి ఉంచి, వేగం అందుకున్నాక ఒక్కసారిగా వదలాలి. లంబసింగి ఘాట్ వాలులో మాత్రం ఈ ప్రయత్నం వద్దే వద్దు. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేక్‌కు బూస్టర్ సాయం రెండు మూడు తొక్కుళ్లలో అయిపోతుంది, స్టీరింగ్ కూడా బిగుస్తుంది.

ఆ రోజు ఆరుకు ముందే గుట్ట కిందికి చేరాం. మంచు దిగాక, వెలుతురులో ఎర్త్ తీగను విప్పి చూశాం. బ్యాటరీ నెగెటివ్ నుంచి బయలుదేరి ఒక కొస బాడీకి, ఇంకో కొస గేర్‌బాక్స్‌కు బిగించి ఉంటుంది. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. ఈ వరస తప్పితే పానా బాడీకి తగిలి మంట లేస్తుంది. టెర్మినల్‌కు పది నంబరు పానా, గేర్‌బాక్స్ బోల్టుకు పదమూడు. తీగ కొసన బోల్టు పట్టే లోహపు లగ్గు ఊడి రాగానే పచ్చటి చిలుము పొడిలా రాలింది. జడలా అల్లిన రాగి పోగుల్లో సగం తెగి, మిగిలినవి నల్లబడి ఉన్నాయి. కొద్దిగా వంచితే ఇంకో నాలుగు పోగులు చేతిలోనే విరిగాయి. ఇది సముద్రపు గాలి పని. బీచ్‌కు దగ్గర్లో ఏళ్ల తరబడి ఆరుబయట ఆగిన బండి కొంటే ముందు ఈ తీగే చూసుకోవాలి. బాడీ వైపు లగ్గు కింద ఇంకో సంగతి బయటపడింది: అక్కడ పెయింట్ ఉంది. ఎప్పుడో డెంటింగ్, పెయింటింగ్ చేసినప్పుడు రంగు గీకకుండానే బోల్టు బిగించేశారు. పెయింట్ మీంచి కరెంటు పారదు.

గరుకు కాగితంతో రెండు చోట్లా ఇనుము మెరిసేదాకా రుద్ది, చిలుము దులిపి బిగించాక ఎర్త్ దారిలో ఖర్చయ్యే వోల్టేజీ 3.1 నుంచి 0.7కి దిగింది. నర్సీపట్నం దాకా అది చాలు. అక్కడ ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కోయించి, రెండు కొసలకూ లగ్గులు నొక్కించి కొత్తది వేయించాం. లగ్గును సుత్తితో చదును చేయనివ్వకండి, క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కించాలి. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూస్తే తేమ చేరదు. కొత్త తీగతో రీడింగ్ 0.1.

డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కూడా చిక్కగానే ఉంది. అరిగిన ఇంజిన్ చప్పుడు, పొగ బయటపడకుండా 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోసి అమ్మడం పాత బళ్ల మార్కెట్‌లో కొత్తేమీ కాదు. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయాలి. డబ్ల్యూ ముందు అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది.

సెల్ఫ్ చక్కగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే వెతకాల్సిన చోటు వేరు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు ‘ఊఁ’ మని పెట్రోల్ పంపు చప్పుడు రావాలి. రాకపోతే పంపు ఫ్యూజ్ చూసి, దాని రిలేను అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడండి. తాళం గుర్తున్న దీపం మిణుకుమంటుంటే దొంగతనం జరగకుండా ఇంజిన్‌ను ఆపే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తించడం లేదు. రెండో తాళంతో ప్రయత్నించాలి. పాత బండి కొనేటప్పుడు రెండు తాళాలూ అడిగి తీసుకోవాల్సింది ఇందుకే.

ఒక లెక్క మాత్రం మిగిలింది. అంత దూరం నడిచి వచ్చిన బండి, ఛార్జింగ్ 14.2 వోల్టులు బాగానే ఉన్న బండి, రాత్రికి 12.6 నుంచి 12.4కి ఎందుకు దిగింది? విశాఖ చేరాక మీటర్‌ను 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, నెగెటివ్ క్లాంపు విప్పి, స్తంభానికీ క్లాంపుకూ మధ్య కలిపాం. తలుపులు మూసి అరగంట ఆగాలి, కంప్యూటర్లు నిద్రపోయేదాకా. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. 0.05 లోపు ఉండాల్సింది 0.38 చూపింది. ఫ్యూజ్‌లు ఒక్కొక్కటే పీకి చూసినా అంకె కదల్లేదు. అంటే ఫ్యూజ్ పెట్టెకు సంబంధం లేని తీగ. పాజిటివ్ క్లాంపు దగ్గర టేపు చుట్టి నేరుగా తగిలించిన సన్నటి తీగ కార్పెట్ కింద నుంచి డిక్కీలోకి వెళ్లి, పాత ఓనరు బిగించిన యాంప్లిఫయర్ దగ్గర తేలింది. పాటలు ఆపినా అది ఆగడం లేదు. గంటకు 0.38 చొప్పున, ముందు రోజు మధ్యాహ్నం మూడు నుంచి తెల్లవారుజామున నాలుగున్నర దాకా పదమూడున్నర గంటలకు ఐదు ఆంపియర్ గంటల పైనే. 35 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఏడో వంతు. ఆ తీగ విప్పగానే మీటర్ 0.03కి దిగింది.